మూడు బుకర్ నవలలు: మీ అసలు అభిప్రాయం ఏంటి?

పేజీమడత:
2022, 23, 24 బుకర్ బహుమతి నవలలు మూడూ పూర్తయ్యాయి. మొహమాటం లేకుండా చెప్తున్నా. సమంతా హార్వీ ‘ఆర్బిటల్’లో వాక్యాలు బాగున్నాయి, కథే లేదు. పాల్ లించ్ ‘ప్రాఫెట్ సాంగ్’ వదలకుండా చదివించింది కానీ పేరాలు లేకుండా రాయాల్సిన అవసరం ఏమిటో అర్థం కాలేదు. షెహాన్ కరుణతిలక ‘సెవెన్ మూన్స్ ఆఫ్ మాలి అల్మేడా’ అన్నిటికన్నా నచ్చింది, అయితే ఏ ముఠా ఎవరిదో తెలియక మాటిమాటికీ పేజీలు వెనక్కి తిప్పాల్సి వస్తోంది. మీరేమంటారు?

రాత్రిచదువరి:
‘ఆర్బిటల్’ విషయంలో ఒప్పుకోలేనండి. ఆరుగురు వ్యోమగాములు, ఒకే రోజు, భూమి చుట్టూ 16 ప్రదక్షిణలు. అంతరిక్ష కేంద్రం గంటన్నరకో చుట్టు తిరుగుతుంది, పుస్తకం నడక కూడా అదే. వాళ్లలో ఒకరైన చియె తల్లి కింద జపాన్‌లో చనిపోతుంది, కూతురు దిగి రాలేదు. పెద్ద తుపాను తీరం వైపు వెళ్తుంటే ఫొటోలు తీయడం తప్ప వీళ్ల చేతుల్లో ఏమీ లేదు. అన్నీ కనిపిస్తాయి, దేన్నీ ఆపలేరు. నాకు కథంటే అదే. చిన్న పుస్తకమే కదా అని ఏకబిగిన చదివితే మాత్రం వర్ణనలన్నీ ఒక్కలాగే అనిపిస్తాయి; పూటకు రెండు మూడు చుట్లు చాలు. అసలు లోపం ఇంకోటుంది. పేర్లు తీసేస్తే ఎవరి ఆలోచన ఎవరిదో పోల్చుకోలేం.

అట్టవెనుక:
‘ప్రాఫెట్ సాంగ్’లో పేరాలు లేకపోవడానికి కారణం నియంతృత్వంలోకి జారుతున్న ఐర్లండ్‌లో కథానాయిక ఐలిష్ పరిస్థితే. ఉపాధ్యాయ సంఘంలో పనిచేసే భర్తను రహస్య పోలీసులు పట్టుకుపోయారు. నలుగురు పిల్లలు, మతిమరుపు ముదురుతున్న తండ్రి. కెనడాలో ఉన్న తోబుట్టువు వచ్చేయమంటుంది, ఈమె రేపు చూద్దాం అనుకుంటుంది. ఆగి ఆలోచించుకునే జాగా ఆమెకు లేదు, అందుకే మనకీ ఇవ్వలేదు. సంభాషణలకు కొటేషన్ గుర్తులు కూడా లేవు కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో తెలియని చోట పైకి చదవండి, గొంతులు విడిపోతాయి. ఆపాలంటే భాగాల మధ్య ఖాళీ వదిలిన చోటే ఆపండి, మధ్యలో ఆపితే మళ్లీ అందుకోవడం కష్టం. మీ ఫిర్యాదులో న్యాయం ఉన్నది ఒక్కచోట: ఉపమానాలు మరీ ఎక్కువ. చీకటి పడిందనడానికి కూడా ఓ పోలిక తెస్తాడు. భయం దానంతటది పనిచేస్తున్నప్పుడు అవి అడ్డమే.

పేజీమడత:
పైకి చదవడం బాగా పనికొచ్చే మాట. మరి మాలి సంగతి?

రాత్రిచదువరి:
కథాకాలం 1990, అంతర్యుద్ధం నడుస్తున్న శ్రీలంకలో కొలంబో. మొదలుపెట్టే ముందు నాలుగు పక్షాలు తెలిస్తే చాలు: ప్రభుత్వం, తమిళ పులులు (ఎల్టీటీఈ), దక్షిణాన 1987–89లో తిరగబడ్డ సింహళ వామపక్ష పార్టీ జేవీపీ, 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో ఉన్న భారత శాంతి సేన. పుస్తకం మొదట్లోనే మాలి రాసిపెట్టిన ఈ ముఠాల జాబితా ఒకటి వస్తుంది, ఆ పేజీలో కాగితం పెట్టుకోండి. ‘నువ్వు’ అంటూ నడిచే కథనం కాసేపు ఇబ్బంది పెడుతుంది. చచ్చిపోయిన మాలి తనను తానే బయటినుంచి చూసుకుంటున్నాడని పట్టుకుంటే అది సహజంగా అనిపిస్తుంది. ఇదే నవల 2020లో ‘చాట్స్ విత్ ద డెడ్’ పేరుతో మన దేశంలో వచ్చింది. తర్వాత బయటి పాఠకుల కోసం తిరగరాశారు. రెండూ దొరికితే కొత్తదే తీసుకోండి.