అప్‌డేట్: నడుము దాటే జుట్టు, క్లినికల్ డ్యూటీ. కత్తిరించకుండానే కుదిరింది

బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను, పొద్దున వేసిన ముడి పదకొండింటికల్లా కాలర్ మీదికి జారిపోతోంది, పైగా తలనొప్పి, జుట్టు కత్తిరించేయాలా అని అడిగింది నేనే. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "ముందు జడ, తర్వాత ముడి" అన్న అక్క సలహా. ఉత్త జుట్టును మెలిపెడితే జారుతుంది, జడ అల్లి చుడితే పాయలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మెడకు కాస్త పైన చుట్టి, నాలుగు వైపులా యూ పిన్నులు పెట్టాలి. పిన్ను మొనలు బయటివైపుకి ఉంచి మొదట ముడి అంచును పట్టాలి, తర్వాత వెనక్కి తిప్పి లోపలికి తోయాలి. ఈ తిప్పడం తెలియకే ఇన్నాళ్లూ నా పిన్నులన్నీ వార్డులో రాలిపోయాయి. పైన నల్ల నెట్, మల్లేశ్వరం 8వ క్రాస్‌లో కొన్నాను. తడి తలకు మాత్రం వద్దు, సాయంత్రం విప్పితే ఒకటే వాసన.

తలనొప్పికి కారణం నడినెత్తిన బిగించి కట్టడమేనని డాక్టర్ అన్నారు. అలాగే లాగి కడుతూ పోతే నుదుటి దగ్గర జుట్టు పలచబడుతుందట. ముడి కిందికి దించాక తలనొప్పి తగ్గింది. కళ్లద్దాల కోసమని చేయించుకున్న పరీక్ష దండగ. జెల్, స్పాంజి రింగు కూడా అక్కర్లేకపోయాయి.

నిన్న ఇన్‌చార్జి సిస్టర్ ఒక జూనియర్‌తో "ఆ అమ్మాయిలా వేసుకో" అన్నారు!