పెళ్లి ఫోటోల్లో బిగుసుకుపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

రాజమండ్రి అమ్మాయి
వచ్చే నెల నా పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున. నిశ్చితార్థం ఫోటోలు నిన్నే వచ్చాయి, చూసి ఏడుపొచ్చింది. ఆ రోజు నేను నిజంగా చాలా సంతోషంగా ఉన్నాను, కానీ ఏ ఫోటోలో చూసినా భుజాలు పైకి లాక్కుని, పళ్లు బిగపట్టి, ఎవరో బలవంతంగా కూర్చోబెట్టినట్టు ఉన్నాను. "నవ్వండి మేడమ్" అన్న ప్రతిసారీ ముఖం ఇంకా బిగుసుకుపోయేది. రోజూ అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తున్నా, టెన్షన్ పెరుగుతోందే కానీ తగ్గట్లేదు. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

బెజవాడ ఫోటోగ్రాఫర్
ముందు ఆ అద్దం ప్రాక్టీస్ మానేయండమ్మా. అద్దంలో మనకి కుడి ఎడమలు తారుమారై కనిపిస్తాయి, రోజూ చూసి ఆ ముఖానికే అలవాటు పడతాం, అందుకే ఫోటోలో మన ముఖం మనకే వింతగా ఉంటుంది, చూసేవాళ్లకి అలా అనిపించదు. ఇక నవ్వు సంగతి. పెదాలు మన మాట వింటాయి, నవ్వేటప్పుడు కళ్ల చుట్టూ ఉండే కండరం అంత తేలిగ్గా వినదు, ఎక్కువగా నిజంగా సంతోషం వేసినప్పుడే కదులుతుంది. డ్యూషెన్ అనే ఫ్రెంచి డాక్టరు 1862లోనే ఈ తేడా రాశాడు. అందుకే నేను "నవ్వండి" అనడం మానేసి, పెళ్లికూతురి పక్కన తమ్ముడినో పిన్నినో నిలబెట్టి ఏదో ఒకటి మాట్లాడమంటాను.

మీ ఫోటోగ్రాఫర్‌కి ఇప్పుడే గట్టిగా చెప్పండి, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు ఆపి "ఇటు చూడండి" అనొద్దని. అడ్డుతెర దించగానే మీరు అబ్బాయిని చూసే చూపు ఒక్కసారే దొరుకుతుంది, రెండోసారి చూడమంటే అది నటనే. తలంబ్రాలప్పుడు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, నా దగ్గరున్న మంచి ఫోటోల్లో ఎక్కువ అక్కడివే. వీడియో లైటు కూడా సూటిగా కళ్లలోకి కొట్టకుండా కాస్త పైకి, పక్కకి పెట్టించండి, లేకపోతే కళ్లు చికిలించకుండా ఎవరూ ఉండలేరు.

కరీంనగర్ కోడలు
చెల్లీ, ఒంటికి సుఖం లేకపోతే ముఖంలో తెలిసిపోతుంది. నా పెళ్లిలో బాసికం బాగా బిగించి కట్టారు, పూలజడ బరువుకి తల వెనక్కి లాగేసింది, సగం ఫోటోల్లో నొసలు ముడుచుకునే ఉన్నాను, ఇప్పటికీ అవి చూస్తే బాధేస్తుంది. ఆ రోజు నొప్పిగా ఉందని అమ్మతో ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నువ్వు మాత్రం వారం ముందే వడ్డాణం, హారాలు అన్నీ పెట్టుకుని అరగంట పీట మీద కూర్చుని చూడు. ఎక్కడ గుచ్చుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. మీ ఇంట్లో ఉపవాసం పద్ధతి ఉంటే పాలు, పండ్లు తీసుకోవచ్చేమో పెద్దవాళ్లని అడుగు. ఆకలి మీద ఎవరి ముఖమైనా వాడిపోతుంది.

కొత్త పెళ్లికొడుకు
ప్రీ వెడ్డింగ్ షూట్ చేయించుకుంటే కెమెరా అలవాటవుతుందని అందరూ అంటారు, నాకైతే అది ఖర్చే అనిపించింది. అదే ఫోటోగ్రాఫర్‌ని ఒక సాయంత్రం ఇంటికి పిలిచి టీ తాగుతూ మాట్లాడాం, మధ్యమధ్యలో ఆయన నాలుగు ఫోటోలు తీశాడు, అంతే, పెళ్లిరోజుకి కొత్త మనిషి అన్న బెరుకు పోయింది. అసలు కష్టం రిసెప్షన్ స్టేజి మీదండీ, గంటల తరబడి ఒకటే నవ్వు పెట్టుకుని నిలబడితే బుగ్గలు నొప్పెడతాయి. ఒక గుంపు దిగి ఇంకో గుంపు ఎక్కే లోపు నవ్వు పూర్తిగా వదిలేసి పక్కన ఉన్న మా ఆవిడతో మాట్లాడేవాణ్ణి, కిందికి చూసి గాలి వదిలి, అప్పుడు తల ఎత్తేవాణ్ణి. భుజాలు వాటంతటవే దిగుతాయి.

రాజమండ్రి అమ్మాయి
అందరికీ చాలా థాంక్స్. ఫోటోగ్రాఫర్‌కి ఇందాకే ఫోన్ చేశాను, తెర దించేటప్పుడు పిలవనని ఒప్పుకున్నారు. ఆదివారం టీకి కూడా వస్తానన్నారు. అక్కా, వడ్డాణం ఇవాళ పెట్టుకుని కూర్చుని చూశాను, నిజంగానే పొట్ట దగ్గర పట్టేస్తోంది, రేపు అమ్మతో కలిసి వెళ్లి వదులు చేయించుకుంటాను.