1930ల పద్ధతి ట్వీడ్ కోటు: వీపున మడతలు పెట్టించాలా, మానాలా?

లీడ్స్ చలి:
యాభయ్యో పుట్టినరోజుకు నాకు నేనే ఒక కోటు కుట్టించుకుంటున్నాను. 1930లలో ఇక్కడి ఇంగ్లండు పల్లెల్లో వేటకూ కొండ నడకకూ వేసుకున్న రకం. గుడ్డ హారిస్ ట్వీడ్, అంటే స్కాట్లాండు దీవుల్లో నేసే మందపాటి ఉన్ని గుడ్డ; గజానికి 19 ఔన్సులు, అంటే మీటరుకు దాదాపు 590 గ్రాములు. నాచు రంగు మీద ఇటుక రంగు గళ్లు. మూడు తోలు గుండీలు, ఏటవాలు జేబులు, కాలరు ఎత్తితే గొంతు దగ్గర బిగించే పట్టీ, లోపల కుందేలు పట్టేంత జేబు, వెనక అర బెల్టు, భుజాల వెనక రెండు లోతైన మడతలు. కుట్టే పెద్దాయన అన్నిటికీ తల ఊపాడు కానీ, మడతల మాట వినగానే ముఖం చిట్లించాడు. గుడ్డ కూడా 14 ఔన్సులది తీసుకోమంటాడు. మొత్తం 2,400 పౌండ్లు, మూడు ట్రయల్స్. ఇంత డబ్బు పోస్తున్నప్పుడు నా మాట నెగ్గాలా, ఆయన మాటా? (మా ఊళ్లో టైలరు కోటుకు ఆరు వేలు అడిగితే లేచి వచ్చేసిన మనిషిని నేను. కాలమహిమ.)

గొడుగు మాష్టారు:
మీ ఇంట్లో హీటరు ఎన్ని గంటలు వేస్తారు?

దర్జీ కొడుకు:
గుడ్డ విషయంలో మీరు రైటు, మడతల విషయంలో ఆయన రైటు. ఆ మడతలు అలంకారం కాదు. తుపాకి ఎత్తి గురిపెట్టేటప్పుడు చేతులు ముందుకు సాగుతాయి, వీపున గుడ్డ చాలదు, అందుకు పెట్టారు. చంక ఎత్తుగా, ఇరుకుగా కోస్తే చెయ్యి ఎత్తినా కోటు లేవదు. మడతతో పనే లేదు. చంక జారుగా కోసి పైన మడతలు పెట్టడమంటే కారుతున్న కప్పు కింద బిందె పెట్టడమే. పైగా మీది గళ్ల గుడ్డ. మడత మూసి ఉన్నప్పుడు గళ్లు కలవాలి, నడుస్తూ తెరుచుకున్నప్పుడు వికారంగా కనిపించకూడదు. ఆయన ముఖం చిట్లించింది అందుకే, రాసిపెట్టుకోండి.

ఫిల్టరు కాఫీ:
నా అనుభవం వినండి. మూడేళ్ల క్రితం ఒకచోట ఇవే మడతలతో కుట్టించాను. తెరుచుకున్న మడత మళ్లీ మూసుకోలేదు. మరదలి పెళ్లి ఫొటోల్లో వెనక నుంచి చూస్తే నా వీపు నోరు తెరిచిన చేపలా ఉంది. అడిగితే మీరు కాస్త లావయ్యారన్నాడు. మడతలు వద్దు.

దర్జీ కొడుకు:
లోపల ఎలాస్టిక్ పట్టీ వేయలేదు, అంతే. పాత కోట్ల లైనింగు విప్పితే మడతను వెనక్కి లాగే పట్టీ కనిపిస్తుంది. తప్పు మడతది కాదు.

ఫిల్టరు కాఫీ:
తప్పు ఎవరిదైనా వీపు నాది.

పడుగు పేక:
మా తాత, నాన్న గుంట మగ్గం నేసినవాళ్లు. నాకు ఒకటే సందేహం. హారిస్ ట్వీడ్‌ను చేనేత అంటారు. అక్కడి హాటర్‌స్లీ మగ్గాన్ని కాళ్లతో తొక్కుతారు, నాడె తనంతట తనే పరుగెడుతుంది. చేత్తో చేసే పని పోగు తెగితే అతకడం, కండె మార్చడం. అది చేనేత ఎలా అవుతుంది?

లీడ్స్ చలి:
కరెంటు వాడరు కాబట్టి అవుతుంది. 1993లో బ్రిటిష్ పార్లమెంటు చట్టమే చేసింది. ఉన్నికి రంగు వేయడం, వడకడం, గుడ్డకు మెరుగు పెట్టడం, అన్నీ ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే జరగాలి. నేత అక్కడివాళ్ల ఇళ్లలోనే సాగాలి. అప్పుడే హారిస్ ట్వీడ్ అని గోళం ముద్ర పడుతుంది. అయినా నేను అడిగింది మడతల గురించి.

పడుగు పేక:
చట్టం చేనేత అన్నంత మాత్రాన చేనేత అయిపోదు. నా ప్రశ్నకు అది జవాబు కాదు.

గొడుగు మాష్టారు:
హీటరు?

లీడ్స్ చలి:
మాష్టారూ, ఈ కోటు బయట తిరగడానికి. పడుగు పేక గారూ, మగ్గం మీద వేరే చర్చ పెట్టుకోండి. దర్జీ కొడుకు గారూ, కొలతలు కూడా చూడకుండా చంక గురించి తీర్పు చెప్పేశారు. డబ్బు నాది, కోటు నాది.

దర్జీ కొడుకు:
డబ్బు మీదే. అయితే మొదటి నుంచీ నన్ను గుచ్చుతున్నది మీ బ్రాకెట్టులోని వాక్యం. ఆరు వేలకు లేచి వచ్చేశారు, అదేదో జోకులా చెప్పారు. మా నాన్న నలభై ఏళ్లు కోట్లు కుట్టాడు. గుడ్డకు ఎంతైనా పెడతారు, కుట్టుకూలి దగ్గరకు వచ్చేసరికి రెండు వందలు తగ్గించమంటారు. కచ్చా కుట్టు వేసి ట్రయల్‌కు రమ్మంటే, ఆది కోటు ఇచ్చాను కదా, ఇంకా ఎందుకు అని విసుక్కునేవారు. అదే ట్రయల్ ఇప్పుడు మూడుసార్లు ఉందని మీరు గొప్పగా రాశారు.

లీడ్స్ చలి:
మీ నాన్నగారిని నేను ఒక్క మాట అనలేదు. ఆ ఆరు వేల కోటు, ఛాతీ బిగువుగా నిలవడానికి లోపల పెట్టే కాన్వాసు గుడ్డను కుట్టకుండా జిగురుతో అంటించినది. అంతకు ముందు అక్కడే కుట్టించిన కోటు రెండుసార్లు ఉతికించేసరికి ఛాతీ మీద బుడగలు లేచాయి. అందుకే లేచాను.

దర్జీ కొడుకు:
చేత్తో కుట్టిన కాన్వాసు కావాలని, ఎంతవుతుందని అడిగారా?

లీడ్స్ చలి:
లేదు. అడగాలని తెలియదు.

పడుగు పేక:
కొనేవాడి పిసినారితనం మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? హారిస్ గుడ్డకు ధర నిలబెట్టింది ముద్ర, దాన్ని కాపాడే చట్టం. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ మనకూ 1985లో చట్టం వచ్చింది. మరమగ్గం మీద నేసిన చీరను చేనేత అని మా వీధి చివరే అమ్ముతున్నారు. అందుకే అది చేనేతా కాదా అని అడిగాను. ఆ ఒక్క మాట మీదే మా ఇల్లు గడిచేది.

దర్జీ కొడుకు:
గుడ్డకు ముద్ర ఉంది. కుట్టుకు ఏ ముద్ర ఉంది?

లీడ్స్ చలి:
నిన్న మొదటి ట్రయల్‌కు వెళ్లాను. కోటు నిండా తెల్లటి కచ్చా దారాలు, దానికి ఇంకా ఒక్కటే చెయ్యి. మడతలు ఎందుకు వద్దన్నారని నేరుగా అడిగాను. గళ్ల వల్ల కాదట. నా ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి ఉందట, మడతలు పెడితే ఒకవైపే నోరు తెరుస్తాయట. అద్దంలో సుద్దతో గీత గీసి చూపించాడు. ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదు. మడతలు మానేశాను, 19 ఔన్సుల గుడ్డ మాత్రం వదల్లేదు.

దర్జీ కొడుకు:
బ్యాగు ఏ భుజానికి వేసుకుంటారు?

లీడ్స్ చలి:
ఎడమ.

గొడుగు మాష్టారు:
హీటరు సంగతి ఇప్పటికీ చెప్పలేదు.