అప్‌డేట్: గోపాల్‌పూర్ హోటల్ కొన్నాం

నమస్కారం అండీ. ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్ దగ్గర 12 గదుల పాత బంగళా హోటల్ కొనొచ్చా అని బరంపురం నుంచి నేను ఇదివరకు ఇక్కడ అడిగాను. "అమ్మేవాళ్ళ మాట నమ్మకు, మూడేళ్ళ కరెంటు బిల్లులు అడుగు" అని ఒక అన్నయ్య చెప్పారు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది.

ఏడాదంతా 70 శాతం గదులు నిండుతాయని అమ్మేవాళ్ళు అన్నారు. జూలై, ఆగస్టు బిల్లులు చూస్తే సగం గదుల్లో ఏసీ వేసిన జాడే లేదు. అవి ముందు పెట్టుకుని బేరమాడితే ధర బాగా దిగింది.

పైన ఇంకో అంతస్తు వేద్దామనుకున్నాం, మానేశాం. సముద్రపు పోటు గీత (పోటు సమయంలో నీళ్ళు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల లోపు కట్టడాలపై తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉంటాయి. కొనకముందే ఆ హద్దులు చూపే మ్యాప్ చూసుకోండి.

ఇప్పుడు సగటు అద్దె 2,800 రూపాయలు, నిండేది 46 శాతం. అంటే ఉన్న ప్రతి గదికీ రోజుకు 1,288 రూపాయలు వచ్చినట్టు. నేను రోజూ చూసుకునే లెక్క ఇదొక్కటే. దసరాకి, డిసెంబరులో బెంగాలీ కుటుంబాలతో కళకళలాడింది. వానాకాలం మాత్రం టెన్షనే.

లెక్కలో తప్పింది రెండు చోట్ల. ఉప్పుగాలికి ఏసీల బయటి యూనిట్లు తుప్పు పట్టేస్తున్నాయి. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల లోపు గదులకు 5 శాతమే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ (మనం కొన్నవాటిపై కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) లేదు. కాబట్టి రిపేర్లకు కట్టిన పన్ను మన ఖర్చులోనే కలపాలి.

అమ్మ వేయించే బరంపురం అప్పడాలను అతిథులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. నాకు అదే పెద్ద సంతోషం.