బర్క్లీలో ఫస్ట్ ఇయర్, ఎఫ్-1 స్టూడెంట్ వీసా: రీసెర్చ్ ల్యాబ్‌లో చేరడం ఎలా?

ప్రశ్న: అన్నలూ, అక్కలూ, యూసీ బర్క్లీలో ఫస్ట్ ఇయర్, బయాలజీ వైపు వెళ్దామనుకుంటున్నా. జనవరి నుంచి ల్యాబ్‌లో చేరాలని ప్రొఫెసర్లకి మెయిల్స్ పెడితే ఒక్కరూ పలకట్లేదు. జీతం లేకుండా చేస్తానన్నా కూడా. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ "జీతం లేకుండా" మాట తీసెయ్ తమ్ముడూ. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఎఫ్-1 మీద ఉచితంగా చేస్తే వీసాకి చిక్కు. యూనిట్ల (కోర్సు క్రెడిట్ల) కోసం చేస్తే ఆ గొడవ లేదు. దానికి యూరాప్ (URAP) అని, డిగ్రీ విద్యార్థులు ప్రొఫెసర్ల దగ్గర రీసెర్చ్ చేసే బర్క్లీ ప్రోగ్రాం ఉంది. ప్రొఫెసర్లే తమ ప్రాజెక్టులు, ఎంతమంది కావాలి, ఏం వచ్చుండాలి అన్నీ రాసి పెడతారు. అంటే మనుషులు కావాలనుకుంటున్న ల్యాబులే అక్కడ కనిపిస్తాయి. ప్రతి సెమిస్టర్ మొదట్లో తెరుస్తారు, క్లాసులు మొదలయ్యాక వారం పది రోజుల్లో మూసేస్తారు. చాలామంది ఇక్కడే జారిపోతారు: క్లాసులు కుదురుకున్నాక చూద్దాంలే అనుకునేసరికి గడువు దాటిపోతుంది. దరఖాస్తులో నీ గురించి రాసే స్టేట్‌మెంట్ సెలవుల్లోనే రాసి పెట్టుకో.

ఇంకో జవాబు: స్టేట్‌మెంట్ గురించి ఒక మాట. "నాకు చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం" అని మొదలుపెడితే రెండో లైను ఎవరూ చదవరు. ఇలా రాయి: "మీ ల్యాబ్ కొత్త పేపర్లో మూడో బొమ్మ చూశాను. కంట్రోల్‌లో (పోలిక కోసం పెట్టిన శాంపిల్‌లో) కూడా సిగ్నల్ కొంచెం పెరిగింది, అది ఎందుకో తెలుసుకోవాలనుంది. పైథాన్‌లో డేటా శుభ్రం చేయగలను. మంగళ, గురువారాలు 2 నుంచి 5 దాకా ఖాళీ." ఖాళీ టైము రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నీకు పని నేర్పేది ప్రొఫెసర్ కాదు, పీహెచ్‌డీ విద్యార్థో, పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ చేస్తున్న పోస్ట్‌డాకో. వాళ్ల ప్రయోగాల వేళకి నువ్వు ఉంటావా లేదా అన్నదే వాళ్లకి కావాలి. ముక్కలు ముక్కలుగా గంట గంట ఖాళీ ఉంటే వెట్ ల్యాబ్‌లో (రసాయనాలు, కణాలతో ప్రయోగాలు చేసే ల్యాబ్) పనికిరాదు, వరసగా మూడు గంటలు దొరికేలా టైంటేబుల్ పెట్టుకో. డేటా 8 అనే మొదటి డేటా సైన్స్ కోర్సు ముందే తీసుకుంటే కంప్యూటర్ పనున్న ప్రాజెక్టులు కూడా అందుతాయి.

ప్రశ్న వేసినవారు: థాంక్స్ అన్నా. వారానికి ఎన్ని గంటలు పెట్టాలి? వచ్చే సెమిస్టర్‌కి 13 యూనిట్లు ఉన్నాయి. ఒక కోర్సు డ్రాప్ చేసి ఆ చోట్లో ఇది పెడదామా?

జవాబు: యూనిట్‌కి వారానికి 3 గంటలు. మొదటిసారి 2 యూనిట్లు, అంటే 6 గంటలు చాలు. గ్రేడ్ ఉండదు, పాస్ లేదా నో పాస్ మాత్రమే, జీపీఏకి కలవదు.

డ్రాప్ మాత్రం తొందరపడి చేయకు. లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలో కనీసం 13 యూనిట్లు ఉండాలి, ఎఫ్-1కి 12. యూరాప్‌లో ఎంపికయ్యాక లెర్నింగ్ కాంట్రాక్ట్ (నీకూ ప్రొఫెసర్‌కీ మధ్య ఒప్పంద పత్రం) మీద సంతకాలు పూర్తయి, ఆ యూనిట్లు నీ పేరు మీద ఎక్కేదాకా అవి లేనట్టే లెక్క. ముందే డ్రాప్ చేసి, ల్యాబ్ తేలకపోతే 12 కిందికి పడిపోతావు. ఏ కారణంతోనైనా తగ్గించక తప్పకపోతే ముందుగా ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకో, తర్వాత చెప్తే కుదరదు. వెట్ ల్యాబ్ అయితే సేఫ్టీ ట్రైనింగ్ అవకుండా లోపలికి రానివ్వరు, ఎంపికైన రోజే అది మొదలుపెట్టు.

ప్రశ్న వేసినవారు: మరి తర్వాత డబ్బులిచ్చే పని దొరికితే? వేసవిలో ఆర్‌ఈయూకి (డిగ్రీ విద్యార్థులకి డబ్బులిచ్చే రీసెర్చ్ ప్రోగ్రాం) పెట్టొచ్చా?

జవాబు: క్యాంపస్‌లో పనికి క్లాసులు జరిగే రోజుల్లో అన్నీ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు, లైబ్రరీలో 12, ల్యాబ్‌లో 10 అన్నా దాటినట్టే. అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బుతో నడిచే ఆర్‌ఈయూలు అమెరికా పౌరులకి, గ్రీన్‌కార్డు వాళ్లకి మాత్రమే, టైము వృథా చేసుకోకు. సెకండ్ ఇయర్ అయ్యాక వేసవికి జర్మనీ వాళ్ల డాడ్ రైజ్ (DAAD RISE) అనే రీసెర్చ్ ప్రోగ్రాం చూడు. అమెరికాలో ఫుల్‌టైం చదువుతున్న మనవాళ్లు కూడా పెట్టొచ్చు, కాకపోతే డిగ్రీలో రెండేళ్లు పూర్తయి ఉండాలి. దరఖాస్తు ముందు ఏడాది చివర్లోనే పెట్టాలి. జర్మన్ వీసాతో పాటు, అమెరికా తిరిగి రావడానికి నీ ఎఫ్-1 స్టాంపు అప్పటికి చెల్లుతుందా, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద ట్రావెల్ సంతకం ఉందా అన్నది టికెట్ కొనే ముందే చూసుకో.