తిరుమల యాత్రికులు చంద్రగిరి దాకా ఎందుకు రారు?

చంద్రగిరి వాసి (ప్రశ్న):
తిరుమల కొండకు రోజూ 60, 70 వేల మంది భక్తులు వస్తుండగా, తిరుపతికి 15 కిలోమీటర్ల లోపునే ఉన్న చంద్రగిరి కోటకు వారిలో పిడికెడు మంది కూడా రావడం లేదు. విజయనగర ఆరవీటి రాజులు రాజధానిగా చేసుకొని ఏలిన చోటు ఇది. రాజమహల్‌లో పురావస్తు శాఖ వారి ప్రదర్శనశాల కూడా ఉంది. విచిత్రమేమంటే, దారిలోని శ్రీనివాస మంగాపురం గుడి వరకు నిండుగా వచ్చే అద్దె వాహనాలు అక్కడి నుంచే వెనుదిరుగుతున్నాయి. ఇందుకు ప్రచారం కొరవడటమే కారణమా?

రేణిగుంట యాత్రల నిర్వాహకుడు:
ప్రచారం కన్నా దర్శనం వేళే అసలు కారణమని నా అభిప్రాయం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు మీద ఏ తేదీన, ఏ గంటకు వరుసలో చేరాలో ముద్రించి ఉంటుంది. రైలు టికెట్టు, గది, పిల్లల సెలవులు అన్నీ దాని చుట్టూనే కుదుర్చుకుంటారు. మిగిలిన కొద్ది సమయాన్ని తిరుచానూరు, కపిలతీర్థం, మంగాపురం, వీలైతే కాణిపాకం పంచుకుంటాయి. శ్రీకాళహస్తిని మాత్రం చివరికే ఉంచమంటారు, ఎందుకంటే అక్కడ దర్శనం అయ్యాక మరో గుడికి పోకుండా నేరుగా ఇంటికి చేరాలన్న నమ్మకం బలంగా ఉంది. అందువల్ల దేశంలోని అతి ప్రాచీన శివలింగాలలో ఒకటి వెలసిన గుడిమల్లం, ఏర్పేడు మండలంలో ఆ దారికి చేరువలోనే ఉన్నా, వెళ్లేటప్పుడు తొందర వల్ల, వచ్చేటప్పుడు నిషేధం వల్ల తప్పిపోతోంది.

మదనపల్లె పాఠకుడు:
మా వైపు హార్స్‌లీ హిల్స్ సంగతి వేరు. సుమారు 4,100 అడుగుల ఎత్తున ఉన్న ఆ ఏనుగు మల్లమ్మ కొండకు చల్లదనం కోసం వచ్చేవారిలో బెంగళూరు వారే ఎక్కువగా కనిపిస్తారు. తిరుమల యాత్రలో భాగంగా వచ్చేవారు అరుదు.

భూగోళం ఉపాధ్యాయిని:
నిర్వాహకుడు గారి మాటకు ఋతువును కూడా జోడించాలి. వేసవి సెలవుల్లో కొండ మీద రద్దీ పెరుగుతుంది, కానీ 270 అడుగుల తలకోన జలపాతానికి నిండుదనం వచ్చేది ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాకే. మే నెలలో అక్కడికి వెళ్లిన కుటుంబం సన్నని ధారను చూసి పెదవి విరిస్తే తప్పు పట్టలేము.

అయితే ఒక స్థలం గొప్పదనం కన్నా అది వాహనాల చుట్టుదారిలో పడిందా లేదా అన్నదే ఎక్కువగా పనిచేస్తుందనడానికి తిరుమలలోనే నిదర్శనం ఉంది. శిలాతోరణం కేవలం ఒక భూవైజ్ఞానిక విశేషం. అయినా పాపవినాశనం, ఆకాశగంగ, శ్రీవారి పాదాలు చూపించే జీపులు అక్కడ ఆగుతాయి కనుక జనం చూస్తున్నారు. అదే ఘాట్ రోడ్డు కొండచరియలో, కోట్ల సంవత్సరాల వ్యవధి గల రెండు శిలాశ్రేణులు ఒకదానిపై ఒకటి కనిపించే చోటును, అదీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకమే అయినా, దాదాపు ఎవరూ గమనించరు. మలుపుల దారిలో బస్సు ఆగదు కదా! కనుక మంగాపురం యాత్రకే కోటను తగిలించడం కొత్త పర్యాటక పథకాల కన్నా సులభం.

చంద్రగిరి వాసి:
అలా తగిలిస్తే వాహనాల వారు అదనంగా ఎంత అడుగుతారు?

రేణిగుంట యాత్రల నిర్వాహకుడు:
ఆ కాస్త దూరానికి ఇంధనం పెద్ద లెక్కలోకి రాదు. కోట చూసేందుకు పట్టే గంట, గంటన్నర నిరీక్షణకే డబ్బు అడుగుతారు. అది బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి.