అప్‌డేట్: ఎం1 బ్యాక్‌లాగ్ ఏమైందంటే

పోయిన సెమిస్టర్ల ఇక్కడ అడిగిన, యాదికుందా? ఎం1 (మొదటి మ్యాథ్స్ పేపర్) తప్పిన, ఎం2 (రెండోది) అర్థమైతలేదు, ఇంజినీరింగే మానెయ్యాల్నా అని. సప్లీ రాసిన, పాసైన. అంచుమీదనే. మార్కులు చెప్తే నవ్వుతరు.

అప్పుడు ఇక్కడనే ఒక అక్క "ముందుగాల ఎక్కడ తప్పుతున్నవో చూస్కో తమ్మీ" అన్నది కదా, అదే పనికొచ్చింది. నక్కలగుట్ట రూంల కూసోని పాత పేపర్లన్ని తీసిన. మాట్రిక్సులు రాక కాదు, మైనస్ గుర్తులు మింగుడే నా రోగం! మొదటి వరుస 4, 1. రెండో వరుస −2, 1. గింత చిన్న మాట్రిక్స్‌కు ఐగెన్ విలువలు (మాట్రిక్స్‌ నుంచి తీసే ప్రత్యేక సంఖ్యలు) ప్రతిసారి తప్పే. వాటిని కూడితే వికర్ణంల ఉన్నవాటి మొత్తం రావాలె, గుణిస్తే డిటర్మినెంట్ రావాలె. ఇప్పుడు 2, 3 అని వచ్చినంక వికర్ణంల (పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు) ఉన్న 4, 1 కూడుత: 5. నా జవాబులు కూడినా 5. గుణిస్తే 6, డిటర్మినెంట్ 4×1 − 1×(−2) కూడా 6. అర నిమిషం పని. ఇంటర్ల ఇట్ల సరిచూసుకునుడు ఎవ్వరు నేర్పలే (ఇంటర్ల మొత్తం బట్టీయే, ఆ ముచ్చట వదిలెయ్యుండ్రి).

లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ అనే చాప్టర్ ఇంకా సతాయిస్తనే ఉంది. బై పార్ట్స్ (లబ్ధానికి ఇంటిగ్రేషన్ చేసే పద్ధతి) రాకుండ దాని జోలికి పోవద్దని సీనియర్ అన్న అంటే ఇంటర్ పుస్తకం మళ్ల తెరిచిన.

అన్నిటికంటె కష్టం బాపుకు చెప్పుడు. సప్లీకి ముందే ఊరికి పోయి చెప్పిన. వాకిట్ల మక్కలు ఆరబోస్తుండు. చెయ్యి ఆపలే. "మళ్ల ఫీజు ఎంత?" అన్నడు, గంతే.